భర్తకు లోబడడమంటే కూతురి తరఫున ఒక్క మాట కూడా అనకూడదా?

వంటింటి_కిటికీ (ఒంగోలు)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. తప్పుంటే మన్నించండి.

మా అమ్మాయికి 25. బీఎస్సీ నర్సింగ్ చేసి విజయవాడలో పనిచేస్తోంది. నైట్ డ్యూటీలు చేస్తూనే జర్మన్ నేర్చుకుంటోంది, అక్కడ నర్సుగా చేరాలని. ఆ భాషలో బీ2 స్థాయి పరీక్ష ఇంకో రెండు నెలలుంది. మా వారు సంఘంలో పెద్ద. మంచి మనిషి. తాగుడు లేదు, నా మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. పోయిన నెల కన్వెన్షన్‌కి వెళ్లినప్పుడు పాత స్నేహితుడు కలిశాడట, ఆయన కొడుక్కి మన పిల్లనిస్తానని మాటిచ్చి వచ్చారు. అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. కట్నం ఊసెత్తలేదు, భక్తిగల కుటుంబం. వంక పెట్టడానికి ఏమీ లేదు. కాకపోతే మా పిల్లని ఎవరూ అడగలేదు. పై శనివారం ప్రధానం పెట్టుకుందామని వాళ్లు ఫోన్ చేస్తున్నారు.

మొన్న రాత్రి కుటుంబ ప్రార్థనకి అమ్మాయిని ఫోన్‌లో స్పీకర్ మీద పెట్టాం. ఆయన ఎఫెసీ ఆరో అధ్యాయం తీశారు. "పిల్లలారా, ప్రభువునందు మీ తలిదండ్రులకు విధేయులైయుండుడి, ఇది ధర్మమే" అని మొదలుపెట్టి, మూడో వచనం దాకా చదివి, రిబ్బన్ పెట్టి బైబిల్ మూసేశారు. పదకొండేళ్లు సండే స్కూల్లో ఆ అధ్యాయం పిల్లల చేత కంఠతా పట్టించినదాన్ని. నాలుగో వచనం నా నాలుక చివరే ఉంది. అనలేకపోయాను. ఆ తర్వాత వంటింట్లోకి మంచినీళ్లకి వస్తే, "ఒక్కసారి దాన్ని అడుగుదామండీ" అన్నాను. "ఐదో అధ్యాయం కూడా చదవమంటావా?" అన్నారు. భార్యలు భర్తలకు లోబడాలని ఉన్నది అందులోనే. కోపంగా కూడా కాదు, మామూలుగానే.

అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. నేను మాట్లాడితే అవిధేయతా? వాక్యం తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_గంట (తెనాలి)

అమ్మా, వందనాలు. నలభై ఏళ్లు సంఘాల్లో సేవ చేసి విశ్రాంతిలో ఉన్నవాణ్ని. నీ బాధ అర్థమైంది. అయినా వాక్యం వాక్యమే. భర్త భార్యకు శిరస్సు. "శారా అబ్రాహామును యజమానుడని పిలుచుచు అతనికి లోబడియుండెను" అని పేతురు రాశాడు. పిల్లల సంగతికొస్తే కొలొస్సయులకు రాసిన పత్రికలో "అన్ని విషయములలో" తలిదండ్రుల మాట వినమని ఉంది. కొన్ని విషయాల్లో అని లేదు.

పైగా మీ వారు మాటిచ్చేశారు. "ప్రమాణము చేయగా నష్టము కలిగినను మాట తప్పడు" అని 15వ కీర్తన. మా అమ్మ మా నాన్నకి ఎదురు చెప్పగా నేను చూడలేదు. ఏదైనా కష్టమనిపిస్తే గదిలోకి వెళ్లి మోకాళ్లు వేసేది. దేవుడు ఆయన మనసు మార్చిన రోజులూ ఉన్నాయి, మార్చని రోజులూ ఉన్నాయి. మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థించు తల్లీ.

నైట్_డ్యూటీ (ఫ్రాంక్‌ఫర్ట్)

అక్కా, ఇంతకీ అమ్మాయి ఏమంటోంది? మీ పోస్టులో అందరి మాటలూ ఉన్నాయి, తనది తప్ప.

వంటింటి_కిటికీ

నిజమే. రాస్తున్నప్పుడు నాకే తట్టలేదు. "నాన్న మాటిచ్చేశారుగా అమ్మా" అంది. ఇంకేం అనలేదు. ఆ తర్వాత ఫోన్లో క్లాసు సంగతులు చెప్పడం మానేసింది. రోజూ కొత్త జర్మన్ మాట ఒకటి చెప్పి నా చేత పలికించేది. నాలుగు రోజులుగా అదీ లేదు.

మూలభాష (హైదరాబాద్)

అమ్మగారూ, నేను బైబిల్ కాలేజీలో గ్రీకు చదువుకున్నవాణ్ని. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీ వారు ఐదో అధ్యాయం చదువుతానంటే సంతోషంగా చదవమనండి. కానీ 22 నుంచి కాదు, 21 నుంచి. "క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి" అన్నది 21. గ్రీకులో ఇది పెద్ద వాక్యం. పాత ప్రతులు కొన్నింటిలో, అంటే క్రీ.శ. 200 ప్రాంతపు పపైరస్ 46లోనూ, నాలుగో శతాబ్దపు వాటికన్ ప్రతిలోనూ, 22వ వచనంలో 'లోబడండి' అనే క్రియే లేదు. పై వచనంలోని 'ఒకనికొకడు లోబడి' అన్న మాటే కిందికి పారుతుంది. మన తెలుగు బైబిల్లో క్రియ మళ్లీ రాశారు, వాక్యం పూర్తి కావాలి కాబట్టి. అది తప్పు కాదు. కానీ 21ని కత్తిరించి 22 దగ్గర మొదలుపెడితే చెట్టుని వేరు నుంచి కోసినట్టే.

రెండోది. పౌలు ఏ ఊరివాళ్లకి రాస్తున్నాడో చూడాలి. రోమా చట్టంలో ఇంటి పెద్దకి 'పాత్రియా పొతెస్తాస్' అని ఒక అధికారం ఉండేది. కొడుక్కి నలభై ఏళ్లొచ్చినా, తండ్రి బతికున్నంతకాలం ఆ కొడుకు ఆయన చేతికిందే. పుట్టిన బిడ్డని పెంచాలా, బయట పారేయాలా అన్నదీ ఆయన ఇష్టమే. అరిస్టాటిల్ తన 'పాలిటిక్స్' మొదటి భాగంలో ఇంటిని మూడు జతలుగా చెప్పాడు: యజమాని–దాసుడు, భర్త–భార్య, తండ్రి–పిల్లలు. ప్రతి జతలోనూ ఏలేవాడు ఎలా ఏలాలన్నదే ఆయన విచారం. పౌలు కూడా అవే మూడు జతలు తీసుకున్నాడు. కానీ ముందు భార్యలతో, పిల్లలతో, దాసులతో నేరుగా మాట్లాడాడు. 'నీ భార్యని లోబరచుకో' అని ఏ భర్తకీ చెప్పలేదు. 'పిల్లల చేత విధేయత రాబట్టు' అని ఏ తండ్రికీ చెప్పలేదు. లోబడడం లోబడేవాళ్లు ఇచ్చేది. దాన్ని లాక్కునే హక్కు ఎవరికీ రాసివ్వలేదు.

భర్తకి ఏం చెప్పాడు? ప్రేమించమన్నాడు, క్రీస్తు సంఘం కోసం తన్నుతాను అప్పగించుకున్నట్టు. అంటే శిరస్సు అన్నవాడు ముందు సిలువ ఎక్కాలి. తండ్రికి ఏం చెప్పాడు? మీ నాలుక చివర ఆగిపోయిన నాలుగో వచనమే. "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక ప్రభువు యొక్క శిక్షలోను బోధలోను వారిని పెంచుడి." బిడ్డ ప్రాణమ్మీద హక్కున్న రోమా తండ్రితో, ఆ బిడ్డ మనసు నొప్పించవద్దన్న మాట ఇది. ఆ కాలంలో ఎంత కొత్తగా వినిపించి ఉంటుందో!

పాత_గంట అయ్యగారూ, మీరు కొలొస్సీ పత్రికలో 20వ వచనం చూపించారు. దాని కిందే 21 ఉంది, "మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు". ఈ తల్లి రాసినదాంట్లో మనసు కుంగిన పిల్ల కనబడటం లేదా మీకు?

పాత_గంట

బాబూ, గ్రీకు నాకూ కొంచెం వచ్చు. ఒకనికొకడు లోబడాలన్నది నిజమే. కానీ ఇంట్లో చివరి మాట ఒకరిది ఉండాలి కదా. శారా సంగతికి జవాబు చెప్పలేదు.

అమ్మమ్మ_70 (నర్సాపురం)

శారా సంగతి నేను చెబుతా తమ్ముడూ. నాకు గ్రీకు రాదు, తెలుగు బైబిల్ మాత్రం ఏటా ఒకసారి చివరిదాకా చదువుతా. ఆదికాండం 21:12 తియ్యి. దేవుడు అబ్రాహాముతో ఏమన్నాడు? "శారా నీతో చెప్పు ప్రతి విషయములో ఆమె మాట వినుము." యజమానుడని పిలిపించుకున్నవాడికే దేవుడు ఈ మాట చెప్పాడు. (ఆ రోజు శారా అడిగింది హాగరును వెళ్లగొట్టమని. అది చదివినప్పుడల్లా నాకు హాగరు మీదే జాలి. అది వేరే మాట.)

ఇంక పెళ్లి గురించి. మూడు అధ్యాయాలు ముందుకెళ్తే రిబ్కా. అబ్రాహాము దాసుడు ఎలీయెజెరు అనుకుంటాం, ఆయన వచ్చి నగలిచ్చాడు, బట్టలిచ్చాడు. అన్న ఒప్పుకున్నాడు, తండ్రి ఒప్పుకున్నాడు, "ఇది యెహోవా వలన కలిగిన కార్యము" అని కూడా అనేశారు. అన్నీ అయిపోయాయా? లేదు. మర్నాడు, "ఆ చిన్నదానిని పిలిచి ఆమె యేమనునో తెలిసికొందము" అన్నారు. పిలిచి అడిగారు, వెళ్లెదవా అని. వెళ్లెదను అంది. అప్పుడు పంపారు. దేవుడు చూపించిన సంబంధం, ఒంటెలు మోకరిల్లిన సంబంధం, అయినా పిల్లని అడిగారమ్మా. మన కన్వెన్షన్లో కుదిరిన సంబంధం అంతకంటే పెద్దదా?

మాటిచ్చాడు అన్నావు తమ్ముడూ. సౌలు రాజు కూడా ఒట్టు పెట్టాడు, సాయంత్రందాకా ఎవడైనా తింటే శాపమని. ఆ సంగతి తెలియని యోనాతాను కర్ర కొనతో తేనె తీసి నోట్లో పెట్టుకున్నాడు. నా ఒట్టు నిలబడాలి, నా కొడుకు చావాలి అన్నాడు తండ్రి. జనం అడ్డం పడ్డారు. వాడి తలవెంట్రుక ఒక్కటి కూడా నేల రాలదన్నారు. వాళ్లని దేవుడు తప్పు పట్టినట్టు ఎక్కడా లేదు. 15వ కీర్తనలో నష్టం అంటే మాటిచ్చినవాడికి వచ్చే నష్టం. మాట నీది, మొయ్యాల్సింది పిల్లా?

ఫిరంగిపురం_వాసి

మేం కతోలికులం. మా దగ్గర ఎలా ఉంటుందో చెబుతాను, పనికొస్తుందేమో. పెళ్లికి ముందు ఫాదర్ గారు అబ్బాయినీ అమ్మాయినీ వేర్వేరుగా కూర్చోబెట్టి అడుగుతారు, నీ ఇష్టంతోనే చేసుకుంటున్నావా, ఎవరైనా బలవంతపెట్టారా అని. సంతకం పెట్టాలి. మా చెల్లి పెళ్లప్పుడు నాన్న బయట వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఉన్నారు, లోపల ఏం చెబుతుందోనని. తిరుసభ చట్టం 1103 ప్రకారం బలవంతం వల్లో, తీవ్రమైన భయం వల్లో జరిగిన వివాహం అసలు వివాహమే కాదు.

1992లో వెలువడ్డ మా సత్యోపదేశంలో 2217వ పేరా ఇంకో తేడా చెబుతుంది. ఇంట్లో ఉన్నంతకాలం పిల్లలు మాట వినాలి. పెద్దవాళ్లై తమ కాళ్లమీద నిలబడ్డాక ఆ విధేయత ముగుస్తుంది, కానీ గౌరవం ఎప్పటికీ ముగియదు. 2230లో ఇంకా సూటిగా ఉంది, ఉద్యోగం విషయంలో గానీ జీవిత భాగస్వామి విషయంలో గానీ తల్లిదండ్రులు ఒత్తిడి చేయకుండా జాగ్రత్తపడాలని. సలహా ఇవ్వొద్దని కాదు. సలహా ఇవ్వాలనే ఉంది.

ఒక చిన్న సంగతి. "నీ తండ్రిని నీ తల్లిని సన్మానింపుము" మాకూ లూథరన్లకూ నాలుగో ఆజ్ఞ, మిగతా మీ అందరికీ ఐదోది. లెక్క ఏదైనా ఆజ్ఞలో ఉన్న మాట 'సన్మానింపుము'.

కొత్త_చిగురు

ఊరు పేరు రాయను. అక్కా, మీ వారు మంచివారని రాశారు, కాబట్టి నా కథ మీది కాదు. కానీ 'లోబడి ఉండు' అన్న మాట ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలని రాస్తున్నాను.

పెళ్లయిన ఏడాదికే కొట్టడం మొదలైంది. రెండో ఏడు చెయ్యి విరిగింది. కట్టుతోనే మా అయ్యగారి దగ్గరికి వెళ్లాను. ఆయన పేతురు పత్రిక తీసి, వాక్యం లేకుండానే నీ ప్రవర్తన వల్ల అతను మారతాడు, వెళ్లు తల్లీ, లోబడి ఉండు అన్నారు. అమ్మగారు టీ ఇచ్చారు. ఎడమ చేత్తో తాగాను. తాగి ఇంటికి వెళ్లిపోయాను. ఇంకో నాలుగేళ్లు ఉన్నాను. ఆ నాలుగేళ్లలో ప్రతిరోజూ, తప్పు నా లోబడడంలోనే ఉందేమో, ఇంకొంచెం లోబడితే మారతాడేమో అనుకున్నాను.

అదే అధ్యాయంలో ఏడో వచనం నాకెవరూ చదివి వినిపించలేదు. భార్యని సన్మానించకపోతే భర్త ప్రార్థనకే అభ్యంతరమని ఉంది అక్కడ. బయటపడ్డాక నేనే చదువుకున్నాను. ఇది చదివేవాళ్లలో ఎవరైనా అలాంటి ఇంట్లో ఉంటే 181కి ఫోన్ చేయండి. మహిళల కోసం పెట్టిన నంబరు. 2005 గృహహింస చట్టం కింద రక్షణ అడగొచ్చు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు కూడా అడగొచ్చు. అలా ఫోన్ చేయడం దేవుని మీద తిరుగుబాటు కాదు.

పాత_గంట

నిన్న సాయంత్రం ఇది చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. ఇప్పుడు రాస్తున్నాను.

చెల్లెమ్మా, నీకు ఆ మాట చెప్పింది నేను కాదు. కానీ నేనూ చెప్పాను. ఇద్దరికి చెప్పినట్టు నాకు బాగా గుర్తుంది. ఒకామె ముఖం గుర్తుంది. నేను వాక్యం చెబుతున్నాననే అనుకున్నాను. నాబాలు మూర్ఖుడై దావీదుకి కోపం రేపి ఇంటినంతా చావు మీదికి తెస్తే అతని భార్య అబీగయీలు ఏం చేసింది? భర్తకి చెప్పకుండా రెండువందల రొట్టెలు, ద్రాక్షారసం, వండిన గొర్రెలు గాడిదల మీద వేసుకుని దావీదుకి ఎదురెళ్లింది. దావీదు ఆమె బుద్ధిని దీవించాడు. ఆ అధ్యాయం మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. ఆ ఇద్దరు వచ్చి నా ముందు కూర్చున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు. దేవుడు నన్ను క్షమించాలి. వాళ్ల ఆచూకీ కనుక్కుంటాను.

భర్త శిరస్సు అన్న నా నమ్మకం మారలేదు, దాన్ని దాచను. కానీ ఒంగోలు అమ్మా, అడగొద్దని నీకు చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. అమ్మమ్మ గారు చెప్పిన రిబ్కా మాటకి నా దగ్గర జవాబు లేదు.

గుండ్లకమ్మ_ఒడ్డు

అక్కా, మీది ఒంగోలు అన్నారు కాబట్టి ఒక్క మాట. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ డాక్టర్ క్లౌ గారు ఒంగోలు వచ్చిన కొత్తలో ఎర్రగుంట్ల పేరయ్య గారి వెంట ప్రభువులోకి వచ్చిన మన మాదిగ పెద్దలకి మూడు నియమాలు ఉండేవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. మాదిగవాడు ఆదివారం పనికి రానంటే, జాతరలో డప్పు కొట్టనంటే, ఆ రోజుల్లో అది ఊరి పెద్దల మీద ఎంత పెద్ద అవిధేయతో ఆలోచించండి. మా ఇంట్లో చెప్పుకునే మాట, మా ముత్తాతకి ఒక కోతకాలమంతా ఎవరూ పని ఇవ్వలేదని. "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా" అన్న అపొస్తలుల మాట పట్టుకుని నిలబడ్డారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది ఈ గుండ్లకమ్మలోనే బాప్తిస్మం తీసుకున్నారు. ఎదిరించకూడని అధికారం మనుషుల్లో లేదని నమ్మినవాళ్ల పిల్లలం మనం.

నేను గోడౌన్‌లో లెక్కలు రాస్తాను. బస్తాకి కిలో తక్కువ తూచి పూర్తి బరువు రాయమన్నారు పోయినేడు. మిగతా ఏ పని చెప్పినా చేస్తానండీ, ఇది రాయలేను అన్నాను. గట్టిగా కూడా అనలేదు. వేరే కుర్రాడి చేత రాయించారు, నన్ను లోడింగ్ వైపు మార్చారు. జీతం అంతే ఉంది, ఎండ ఎక్కువ.

రిటైర్డ్_టీచర్ (నంద్యాల)

నేను తండ్రిగా రాస్తున్నాను. పన్నెండేళ్ల క్రితం నేనూ ఇలాగే మాటిచ్చాను. నా కూతురు ఎదురు చెప్పలేదు. పెళ్లి బాగా జరిగింది, అల్లుడు మంచివాడు, ఇద్దరు పిల్లలు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నా కూతురు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. "బాగున్నారా నాన్నా, మందులు వేసుకుంటున్నారా, అమ్మకివ్వండి." అంతే. వాళ్లమ్మతో గంట మాట్లాడుతుంది. నేను వరండాలో కూర్చుని ఆ నవ్వు వింటాను. పెళ్లికి ముందు కాలేజీ నుంచి రాగానే సైకిల్ స్టాండ్ కూడా వేయకుండా నాతో కబుర్లు మొదలుపెట్టేది.

నేను అడిగి ఉంటే తను బహుశా అతన్నే చేసుకునేదేమో. అది నాకిప్పుడు ఎప్పటికీ తెలియదు. చెల్లెమ్మా, వీలైతే ఈ పోస్టు మీ వారికి చూపించు.

మూలభాష

సార్, మీరు రాసినదాని తర్వాత నా గ్రీకు అక్కర్లేదు.

వంటింటి_కిటికీ

వారం తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి.

గురువారం కుటుంబ ప్రార్థనలో వాక్యం చదివే వంతు నాది. ఆదికాండం 24 తీశాను. 67 వచనాలు. ఆయన గడియారం చూశారు గానీ ఏమీ అనలేదు. "ఆ చిన్నదానిని పిలిచి" అన్న చోటికొచ్చేసరికి నా గొంతు వణికింది, మళ్లీ మొదలుపెట్టి చదివాను. చదివాక ప్రార్థన ఆయన చేయాలి. చాలాసేపు చేయలేదు. చివరికి పరలోక ప్రార్థన ఒక్కటి చెప్పి లేచారు.

పడుకునే ముందు టీచర్ గారి పోస్టు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "నన్ను మాత్రం ఎవరు అడిగారు?" అన్నారు. మా పెళ్లి సంగతి. ముప్ఫై ఏళ్లలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. నాకు ఏమనాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే కొంచెం గుచ్చుకుంది. కాసేపటికి, "నిన్నూ ఎవరూ అడగలేదులే" అన్నారు.

శనివారం పొద్దున అమ్మాయి డ్యూటీ దిగే టైముకి ఆయనే ఫోన్ చేశారు. గేటు బయటికి వెళ్లి మాట్లాడారు. 38 నిమిషాలు. లోపలికొచ్చి ఆ స్నేహితుడికి ఫోన్ చేసి, పరీక్ష అయ్యేదాకా ప్రధానం వద్దనీ, ఈలోపు పిల్లలిద్దరూ మాట్లాడుకోనిమ్మనీ, ఆ తర్వాత వాళ్లు ఏమంటే అదేననీ చెప్పారు. అవతలాయన నొచ్చుకున్నట్టున్నాడు. "తప్పు నాదే, ముందు మా అమ్మాయిని అడగాల్సింది" అన్నారు మా వారు. రెండుసార్లు అన్నారు.

అమ్మాయి ఆయనతో ఏం చెప్పిందో నాకు పూర్తిగా తెలియదు. నేనూ గుచ్చి అడగలేదు. సంబంధం ఉంటుందో పోతుందో కూడా తెలియదు. పాత_గంట అయ్యగారూ, మీరు చెప్పిన మూడు రోజుల ఉపవాసం ఉన్నాను, ఆ మాట మీకు చెప్పాలనిపించింది. కొత్త_చిగురు చెల్లీ, నీ కోసం స్త్రీల సమాజంలో ప్రార్థించాం, పేరు చెప్పకుండా.

నిన్న రాత్రి అమ్మాయి ఫోన్ చేసి ఓ జర్మన్ మాట చెప్పింది. 'గెడుల్ట్'. ఓర్పు అని అర్థమట. నాకు చివరి అక్షరం తిరగలేదు. పక్కన కూర్చుని పేపర్ చదువుతున్న ఆయన నాకంటే బాగా పలికారు.